ముసలమ్మకి చెప్పిన మాటలు

నా భార్య కుట్టిన దిండును నా బావమరిది పారేశాడు. ఇందులో వాదించడానికేమీ లేదు. వాడే ఒప్పుకున్నాడు.

ఆ దిండు బుల్డోజరు సీటు మీద ఉండేది. పైన పాత టార్పాలిన్ గుడ్డ, లోపల దూది, మూలలకు సైకిలు ట్యూబులోంచి కోసిన పట్టీలు. నా భార్య పోయాక ఆమె సీట్లోకి ఆమె తమ్ముడు వచ్చాడు. వచ్చిన రోజే ఆ దిండు తీసేసి బజార్లో కొన్న రెక్సిన్ దిండు వేసుకున్నాడు. "ఏదిరా అది?" అన్నాను. "పారేశాను బావా" అన్నాడు. అంతే. ఆ తర్వాత వాడితో మాట్లాడలేదు. నాలుగేళ్లయింది.

మాటలు ఆగాయి కానీ పని ఆగలేదు. ఆగడానికి వీల్లేదు. ఆ యంత్రాన్ని లేపాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

మాది కంకర యార్డు. లారీలు రాళ్లు తెచ్చి గుట్టలు పోస్తాయి. మా బుల్డోజరు ఆ గుట్టలను రాళ్లు నలిపే క్రషరు నోటి దాకా నెడుతుంది. అది వయసులో నాకంటే కొంచెమే చిన్నది. యార్డులో అందరూ దాన్ని ముసలమ్మ అంటారు. తాళం తిప్పితే లేచే రకం కాదు. దాని పెద్ద ఇంజన్ డీజిలుది. పక్కనే, చంకలో బిడ్డలాగా, పెట్రోలుతో నడిచే చిన్న ఇంజన్ ఉంటుంది. దాన్ని పిల్ల ఇంజన్ అంటాం. ముందు తాడు చుట్టి లాగి పిల్లను లేపాలి. అది కాసేపు వేడెక్కాక దాని బలంతో పెద్ద ఇంజన్‌ను తిప్పాలి. అప్పుడది దగ్గి, పొగ కక్కి, లేస్తుంది. లోకంలో తల్లులు పిల్లల్ని నిద్ర లేపుతారు. ఇక్కడ పిల్ల తల్లిని లేపుతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, ఆ పిల్ల ఇంజన్ చప్పుడుకి యార్డులో ఎవరికీ ఎవరి మాటా వినబడదు.

రెంటినీ కలిపే లీవరుకి కొక్కెం ఎప్పుడో అరిగిపోయింది. ఒకరు దాన్ని చేత్తో అదిమి పట్టుకుని నిలబడాలి. ఇంకొకరు సీట్లో కూర్చుని మిగతావి చూడాలి. తాడూ లీవరూ నావి. సీటు నా భార్యది. ఆ చప్పుడులో నా గడ్డం కాస్త పైకి లేస్తే ఆమె డీజిలు వదిలేది. గడ్డం దించితే ఆగేది. వాడికి గడ్డాలు అర్థం కావు.

అందుకని చప్పుడు లేవకముందే ముసలమ్మతో చెప్పడం మొదలుపెట్టాను.

"ముసలమ్మా, పెట్రోలు కట్టారో లేదో అడుగు."

పిల్ల ఇంజన్‌ను ఆపే పద్ధతి ఒకటుంది. పెట్రోలు కుళాయి కట్టేసి, లోపల మిగిలింది అదే తాగి అదే ఆగేదాకా ఊరుకోవాలి. లేకపోతే పెట్రోలు కారి నూనెలో కలుస్తుంది. నూనె పలచనై ఇంజన్ అరిగిపోతుంది.

"కట్టానని చెప్పు ముసలమ్మా" అనేవాడు వాడు సీట్లోంచి. "నిన్న కూడా కట్టానని చెప్పు. రోజూ అడుగుతాడు, నేనేమన్నా దొంగనా అని కూడా అడుగు."

"దిండు సంగతి తెలిసినవాళ్లకి అది అడగక్కర్లేదని చెప్పు ముసలమ్మా."

మధ్యాహ్నం వాడి భార్య ఇద్దరికీ క్యారియర్ తెచ్చేది. నాకు చెల్లెమ్మ అవుతుంది. నోరు గట్టిది. కంకర గుట్ట మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ నవ్వేది.

"ఆ యంత్రానికే నోరుంటే ఇద్దర్నీ కలిపి తిట్టేదన్నయ్యా."

"దానికి నోరు లేదు కాబట్టే దానితో మాట్లాడుతున్నానమ్మా" అనేవాడిని.

వానలు పట్టాయి. యార్డు బురదైంది. క్రషరు ఆగింది. వానలు తగ్గాక పని మొదలుపెడదామని తాడు లాగితే పిల్ల ఇంజన్ పలకలేదు. మళ్లీ లాగాను. పలకలేదు. నా భుజం పలికింది.

యజమానురాలు పెద్దావిడ. ఎండైనా వానైనా గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. నన్ను పిలిపించింది.

"నాయనా, దాని మీద నాకేం పగ లేదు. కానీ క్రషరు ఆకలితో ఉంది. అద్దె బండి ఒకటి మాట్లాడి పెట్టాను. సోమవారం పొద్దున నా కళ్లెదుట ముసలమ్మ లేచిందా, ఉంటుంది. లేవలేదా, పాత ఇనుమువాడు గ్యాసు తెచ్చుకుని కోసుకుపోతాడు."

"లేస్తుందమ్మగారూ."

"లేస్తే నాకూ సంతోషమే. నువ్వు కూడా కాస్త నవ్వుతావేమో, చూసి పోతాను."

నేను నవ్వలేదు. ముసలమ్మను కోసేస్తే నాకు ఇల్లొక్కటే మిగులుతుంది. ఇంట్లో ఎవరూ లేరు.

జబ్బు ఎక్కడుందో నాకు తెలుసు. పిల్ల ఇంజన్‌కి బ్యాటరీ ఉండదు. మాగ్నెటో అని అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి ఉంటుంది. తాడు చుట్టే చక్రం తిరిగితే అది తిరిగి ప్లగ్గుకి నిప్పురవ్వ ఇస్తుంది. వానకి దానిలో చెమ్మ చేరింది. రెండు బోల్టులు విప్పి దాన్ని తీశాను. ఎండలో పెట్టాను. లోపలి పాయింట్లను సన్నటి గరుకు కాగితంతో తుడిచాను. మళ్లీ బిగించాను. రవ్వ బాగానే వస్తోంది.

ఇక మిగిలింది దాన్ని సరైన చోట నిలపడం. రవ్వ ఎప్పుడు పడాలో అప్పుడే పడాలి. ముందు పడితే ఇంజన్ వెనక్కి తంతుంది. ఆలస్యంగా పడితే తుమ్మి ఊరుకుంటుంది. డబ్బాను వెంట్రుకవాసి అటో ఇటో తిప్పితే సరిపోతుంది. తాడు లాగాను. తుమ్మింది. డబ్బాను కాస్త కుడికి తిప్పి బిగించాను. లాగాను. రెండు మూడు సార్లు టపటపమంది. ఇంకాస్త కుడికి తిప్పాను. రేపటికి లేస్తుందని టీ తాగడానికి వెళ్లాను.

మర్నాడు లాగితే పాత తుమ్మే.

మళ్లీ కుడికి తిప్పాను. మళ్లీ టపటప. భోజనానికి లేచి వచ్చి లాగితే మళ్లీ తుమ్ము. ఆ పైన ఎంత తిప్పాలో తెలియక ఎక్కువ తిప్పాను. తాడు నా చేతిలోంచి గుంజుకుని ఇంజన్ వెనక్కి తన్నింది. పిడి వచ్చి మోకాలికి తగిలింది. కుంటుకుంటూ వెళ్లి టైరు మీద కూర్చున్నాను. దేవుడికి నా మీద ఇంకా ఏం కోపం మిగిలిందో అనుకున్నాను. నాకు దేవుడి మీద మిగిలింది మాత్రం చాలా ఉంది.

వాడు దూరంగా నిలబడి నా మోకాలు చూశాడు.

"ముసలమ్మా, దెబ్బ గట్టిగా తగిలిందేమో అడుగు."

"తగల్లేదని చెప్పు."

"కుంటుతున్నాడు కదా అని అడుగు."

"అది నా నడకని చెప్పు."

చెల్లెమ్మ క్యారియర్ గిన్నెలు కడుగుతోంది. కడగడం ఆపేసింది. మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

"ఏమైందమ్మా?" అన్నాను.

"అన్నయ్యా, మీరా డబ్బాని ఎటు తిప్పుతున్నారు?"

"కుడికి."

"ఏవండీ, మీరు?"

వాడు నీళ్లు నమిలాడు. "ఎడమకి" అన్నాడు.

"నిన్న అన్నయ్య టీకి వెళ్లగానే ఈయన వచ్చి స్పానరు పట్టుకున్నాడు. ఏదో బిగిస్తున్నాడు కాబోలనుకున్నాను. ఇందాక అన్నయ్య చేతులు కడుక్కోడానికి వెళ్లగానే మళ్లీ వచ్చాడు. ఆయన కుడికి, ఈయన ఎడమకి! అదేమన్నా తిరగలా? పిండి పడుతుందని చూస్తున్నారా?"

ఆమె ఇక ఆపుకోలేకపోయింది. కంకర మీద కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. క్రషరు దగ్గర మేస్త్రీ ఏమైందని అడిగితే అక్కడి నుంచే గట్టిగా చెప్పింది. మేస్త్రీ కూడా నవ్వాడు. లారీ డ్రైవర్లు నవ్వారు. చివరికి గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీ కూడా కదలడం చూశాను.

"ముసలమ్మా" అన్నాను పళ్లు కొరుకుతూ, "నేను సరిచేసినదాన్ని ఎవడు పాడుచేయమన్నాడో అడుగు."

"ముసలమ్మా, తుమ్ము వినబడి నేను సరిచేశాను. నేను చేసిందే ఆయన పాడుచేశాడని చెప్పు."

"అదుగో, మళ్లీ మొదలు" అంది చెల్లెమ్మ. "రేపే సోమవారం. ఇద్దరూ కలిసి ఒక్కసారి బిగించి చావండి. నేనిక్కడే కూర్చుంటాను. ఎవరు టీకి లేచినా కాళ్లు విరగ్గొడతాను."

కలిసి బిగించే పద్ధతి ఇది. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. చక్రం అంచున ఒక గాటు ఉంది. అది ఇంజన్ మీది గీతకు ఎదురుగా రాగానే ఆపాలి. అప్పుడు రెండో మనిషి మాగ్నెటోను సరిగ్గా నిలిపి బోల్టులు బిగించాలి. చిక్కేమిటంటే చక్రం తిప్పేది అటువైపు నుంచి. గాటు కనబడేది ఇటువైపు, నాకు. లోపలి గాలి బలానికి చక్రం చెయ్యి వదిలితే వెనక్కి కొట్టుకుంటుంది. గాటు ఎదురుగా ఉండేది రెప్పపాటే. ఆ రెప్పపాటులో చెప్పాలి.

వాడు అటు కూర్చుని చక్రం పట్టుకున్నాడు. నేను ఇటు వంగి మాగ్నెటో పట్టుకున్నాను. వాడు తిప్పాడు. గాటు వస్తోంది.

"ముసలమ్మా, ఆగమని చెప్పు" అన్నాను.

ఆ మాట పూర్తయ్యేసరికి గాటు దాటిపోయింది.

మళ్లీ తిప్పాడు. ఈసారి గాటు కొసన కనబడగానే మొదలుపెట్టాను. "ముసలమ్మా, ఆగ..." వాడు 'ముసలమ్మా' దగ్గరే ఆపేశాడు. గాటు ఇంకా రాలేదు.

"తర్వాత ఏదో అనబోయాడేమో అడుగు ముసలమ్మా" అన్నాడు అటు నుంచి.

"ముందే ఎవడాపమన్నాడు, తిప్పమను!"

మళ్లీ తిప్పాడు. మళ్లీ దాటింది. మళ్లీ తిప్పాడు. చెల్లెమ్మ రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. దూరంగా గేటు దగ్గర పాత ఇనుము వ్యాపారి వచ్చి నిలబడ్డాడు. ముందురోజే చూసిపోదామని వచ్చినట్టున్నాడు. చేతిలో కొలతటేపు ఉంది.

గాటు వచ్చింది.

"ఒరేయ్, ఆగరా!"

ఆ కేకకి చక్రం ఆగింది. క్రషరు దగ్గర మేస్త్రీ తనకే అనుకుని, ఖాళీగా తిప్పి చూసుకుంటున్న క్రషరు ఆపేశాడు. గేటులోకి వస్తున్న లారీ బ్రేకు వేసింది. యార్డంతా నిశ్శబ్దమైంది. గాటు గీత మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది.

అటువైపు నుంచి వాడి గొంతు మెల్లగా వినబడింది.

"బావా. నాతోనా అన్నావు?"

"చెయ్యి కదపకు."

"నాతోనే అన్నావు!"

"కదిపావంటే ఈ స్పానరు విరిగేదాకా వాయిస్తాను."

"కదపను బావా. ప్రాణం పోయినా కదపను. నువ్వు బిగించుకో, నేను చెబుతుంటాను."

"ఏం చెప్పక్కర్లేదు."

పై బోల్టు మర అరిగి ఉంది. తొందరపడితే పట్టు తప్పుతుంది. కొంచెం కొంచెంగా తిప్పాలి. ఒక చేత్తో డబ్బా కదలకుండా పట్టుకోవాలి. అక్కడి నుంచి లేవడానికి లేదు. చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"దిండు పారెయ్యమంది అక్క" అన్నాడు వాడు.

నేను బోల్టు తిప్పాను.

"ఆసుపత్రిలో చెప్పింది. ఆ దిండు అక్కడుంటే మీ బావ ఆ సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వడురా అంది. తనూ కూర్చోడు. ముసలమ్మకి తుప్పు పడుతుంది, దాంతోపాటు ఆయనకీ పడుతుంది. నేను పోగానే దాన్ని పారేసి నువ్వెక్కి కూర్చో. తిడతాడు, తిట్టనీ. నేను చెప్పానని మాత్రం చెప్పకు. నా మీద కోపమొస్తే తీర్చుకోడానికి మనిషినుండను, పాపం, ఆ కోపం ఎక్కడ పెట్టుకుంటాడు? నీ మీదైతే రోజూ తీర్చుకోవచ్చు అంది."

మేస్త్రీ క్రషరు ఇంకా వేయలేదు. ఎవరో దగ్గారు.

"మరి ఇప్పుడెందుకు చెప్పావురా?" అన్నాను.

"నువ్విప్పుడు లేచి వెళ్లిపోలేవుగా బావా."

వాడికి అబద్ధం అల్లే తెలివి లేదు. అందులో ఉన్న మాటలు ఆమెవే. 'ఆ కోపం ఎక్కడ పెట్టుకుంటాడు' అనే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. మరొకరు అనరు. నేను బోల్టు వైపే చూశాను. కాసేపు అది సరిగ్గా కనబడలేదు. తర్వాత కనబడింది. బిగించాను. రెండోదీ బిగించాను.

చెప్పినవాళ్ల తప్పు చెప్పినవాళ్లది. చేసినవాడి తప్పు చేసినవాడిది. పారేసిన చెయ్యి వాడిదే.

"ఇక వదులు" అన్నాను.

"మనసులోంచి వదిలేశావా బావా?"

"చక్రం వదలమన్నాను."

సోమవారం పొద్దున యార్డులో తిరునాళ్లలా జనం చేరారు. పాత ఇనుము వ్యాపారి గ్యాసు సిలిండర్లు బండి మీద వేసుకుని వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. ముసలమ్మ బ్లేడు మీద టేపు పెట్టి కొలుస్తున్నాడు.

"పెద్దాయనా, దీన్నింకా ఎందుకు సతాయిస్తారు? నిద్రపోనివ్వండి పాపం. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే."

"నువ్వు కాస్త పక్కకి జరుగు. ఏనుగు లేస్తే ముందు కాలు పెట్టేది నీ మీదే."

యజమానురాలు కుర్చీ దగ్గరగా వేయించుకుంది. వాడు సీటెక్కాడు. పెట్రోలు కుళాయి నేను అంతకుముందే తిప్పి ఉంచాను. తాడు చుట్టాను. లాగాను.

పలకలేదు.

మళ్లీ చుట్టి లాగాను. తుమ్ము కూడా లేదు. మరోసారి. ఏమీ లేదు. వ్యాపారి తన మనిషికి సైగ చేశాడు. ఆ మనిషి గ్యాసు గొట్టం విప్పడం మొదలుపెట్టాడు. వాడు సీట్లోంచి నన్ను చూస్తున్నాడు. నేను వాణ్ని చూడలేదు.

"పెట్రోలు తిప్పారా?" అంది చెల్లెమ్మ.

"తిప్పాను" అన్నాను.

"నేనూ తిప్పాను" అన్నాడు వాడు.

గ్యాసు గొట్టం విప్పుతున్న మనిషి కూడా తలెత్తి చూశాడు.

నేను తెరిచిన కుళాయిని వాడు సీటెక్కే ముందు తిప్పి మూశాడు. లేదా వాడు తెరిచినదాన్ని నేను మూశాను. ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చే ఓపిక అక్కడెవరికీ లేదు. చెల్లెమ్మ ఆకాశం వైపు చేతులెత్తి దండం పెట్టింది. "ఈ ఇద్దర్నీ కలిపి కోసుకుపోవయ్యా" అంది వ్యాపారితో. "ఇనుము కంటే మొండి సరుకు."

కుళాయి తెరిచాను. వాడి వైపు తిరిగాను. జనమంతా వింటున్నారు. వింటే విన్నారు.

"ఒరేయ్. నేను తెరిచాను. నువ్వు ముట్టుకోకు."

"ముట్టుకోను బావా."

తాడు చుట్టాను. లాగాను. పిల్ల ఇంజన్ పలికింది. పలకడం కాదు, అరిచింది. టపటపటపమని యార్డు అదిరింది. దాన్ని వేడెక్కనిచ్చాను. లీవరు అదిమి పట్టుకున్నాను. పెద్ద ఇంజన్ లోపల బరువుగా కదిలింది, దుప్పటి తీయొద్దని గొణిగే మనిషిలాగా. ఆ చప్పుడులో కేక వేసినా లాభం లేదు. అలవాటు చొప్పున గడ్డం పైకెత్తాను.

వాడు డీజిలు వదిలాడు.

ముసలమ్మ దగ్గింది. ఒకటి, రెండు తెల్లటి పొగ వలయాలు వదిలింది. తర్వాత ఒక్క పెట్టున నల్లటి పొగ కక్కింది. గాలి బ్లేడు వైపుకి ఉంది. పొగ తేలిపోయాక చూస్తే పాత ఇనుము వ్యాపారి చొక్కా ఏ రంగుదో చెప్పడం కష్టమైంది. టేపు మాత్రం ఇంకా చేతిలో ఉంది. యజమానురాలు గొడుగు ఎగరేసి పట్టుకుంది. మేస్త్రీ ఈల వేశాడు. చెల్లెమ్మ పక్కనున్న లారీ డ్రైవరు వీపు మీద చరిచింది. అతనికి ఎందుకో అర్థం కాలేదు, అయినా నవ్వాడు.

నేను నవ్వానని తర్వాత అందరూ చెప్పుకున్నారు. పొగకి మొహం అలా అయింది.

పిల్ల ఇంజన్ పెట్రోలు కట్టేశాను. మిగిలింది తాగి అది నెమ్మదిగా ఆగింది. ముసలమ్మ మొదటి గుట్టను నెట్టుకుంటూ క్రషరు వైపు వెళ్లింది. సీట్లో వాడు కింగులాగా కూర్చున్నాడు.

మధ్యాహ్నం వాడు క్యారియర్ పట్టుకుని వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. నాలుగేళ్లుగా అటు గుట్ట మీద కూర్చునేవాడు.

"నా గడ్డం నీకెలా అర్థమైందిరా?" అన్నాను.

"నాలుగేళ్ల నుంచి దాన్నే చూస్తున్నాను కదా బావా. మాట్లాడేది అదొక్కటేగా."

గిన్నె మూత తీశాను.

"బావా" అన్నాడు మళ్లీ కాసేపటికి, "ఆ దిండు..."

"కూర చల్లారిపోతుంది. తిను."

పెట్రోలు సంగతి ఇప్పుడు రోజూ వాణ్ని నేరుగా అడుగుతున్నాను. అది పని. పని వేరు. దిండు వేరు. దిండును వాడు పారేశాడు, అది పారేసినట్టే. ఆసుపత్రిలో ఎవరేం చెప్పారో నేను విన్నాను, ఒక్కసారి విన్నాను, అది చాలు. చెల్లెమ్మ అడిగింది, చెప్పలేదు. యజమానురాలు అడిగింది, చెప్పలేదు. ఇక్కడ రాసింది రాశాను. ఇక దాని గురించి ఎవరడిగినా, వాడే అడిగినా, నేను మాట్లాడను.